గడప ముందరి పది అడుగులు



ఈ పూట మీతో ఒకే ఒక్క విషయము మాట్లాడదలచినాను. మన ఇంటికి పార్సెలు తెచ్చే తపాలా ఉద్యోగి, బండి దిగినది మొదలు మన గడప దగ్గర ఆ పెట్టెను దించేవరకు నడిచే ఆ పది పన్నెండు అడుగులను గురించిన విషయము అది. దూరము చిన్నది. కాని ఆ దూరములో పడే శ్రమ చిన్నది కాదు. ఆ శ్రమను తగ్గించే వీలు అందరికంటె ఎక్కువగా ఇంటివారి చేతిలోనే ఉన్నది. ఈ మాట నేను మర్యాదకు చెప్పడము లేదు. ఈ కెనడా దేశపు అత్యున్నత న్యాయస్థానము ఇచ్చిన తీర్పు ఒకటి చదివిన మీదట చెబుతున్నాను. ఆ తీర్పు సంగతి కొంచెము సేపటిలో చెబుతాను.

ఒంటారియోలోని మన వాన్ నగరము సరుకుల నగరము. 400, 407 సంఖ్యల రాజమార్గాలు దీని నడుమనుండి పోతున్నవి. దేశములోకెల్ల పెద్దవైన రైలు యార్డులలో ఒకటి, సి.ఎన్. రైల్వేవారి మాక్‌మిలన్ యార్డు, 1965 నుండి ఇక్కడనే ఉన్నది. ఒకప్పుడు పొలాలుగా ఉన్న నేలమీద మేపుల్, వుడ్‌బ్రిడ్జ్, క్లైన్‌బర్గ్ పేటలు పెరిగి, 2021 జనాభా లెక్కలనాటికి మూడు లక్షల ఇరవై మూడు వేలమంది ఈ నగరవాసులైనారు. సరుకు ఎంత దూరమునుండి వచ్చినా, విమానములో వచ్చినా, రైలులో వచ్చినా, పెద్ద లారీలో వచ్చినా, మన ఇంటి ముందరికి వచ్చేసరికి దానిని ఒక మనిషి చేతులతో ఎత్తి, కాళ్ళతో నడిచి తీసుకురావలసిందే. ఇన్ని యంత్రాలు వచ్చినా ఆ చివరి అడుగులకు మాత్రము యంత్రము రాలేదు.

పూర్వము తపాలా ఉద్యోగి చేతిలో ఉండేవి ఉత్తరాలు. ఉత్తరాల కట్ట ఒక చేతిలో ఇమిడిపోతుంది. రెండవ చేయి ఖాళీగా ఉంటుంది. జారితే మెట్ల ప్రక్కనున్న కమ్మీని పట్టుకోవచ్చును. కన్ను దారిమీద ఉంటుంది. మఱి పార్సెలు సంగతి అటువంటిది కాదు. అది రెండు చేతులనూ ఆక్రమిస్తుంది. పెట్టె కొంచెము పెద్దదైతే, దానిని గుండెకు ఆనించి పట్టుకున్న మనిషికి తన పాదాలు తనకే కనుపించవు. మెట్టు ఎక్కడ మొదలైనదో, దానిమీద మంచు గడ్డకట్టినదో లేదో, పిల్లవాడు వదిలిపెట్టిన సైకిలు అడ్డముగా పడి ఉన్నదో, నీళ్ళ గొట్టము చుట్టుకొని ఉన్నదో, ఇవేవీ అతనికి తెలియవు. డిసెంబరు నెలలో ఇక్కడ నాలుగున్నర దాటగానే ప్రొద్దు గూకుతుంది. ఆ మసక చీకటిలో, తెలియని ఇంటిముందర, కనుపించని మెట్టుమీద, బరువు మోస్తూ ఒక మనిషి అడుగు వేస్తున్నాడని ఊహించండి. మీరు లోపల వరండా దీపము వేసి ఉండకపోతే, అతడు వేసేది గ్రుడ్డి అడుగే.

ఆ బరువు ఎంత? కెనడా పోస్టువారు దేశములోపల తీసుకునే పార్సెలుకు పరిమితి ముప్పది కిలోలు. మన తెలుగువారికి ఈ లెక్క బియ్యపు సంచులలో చెబితే చప్పున తెలుస్తుంది. మనము ఇండియన్ స్టోరులో కొనే ఇరవై పౌనుల సోనామసూరి సంచి తొమ్మిది కిలోలు. ఆ ఒక్క సంచిని కారు డిక్కీలోనుండి తీసి వంటింటిదాకా మోసేసరికి నడుము పట్టుకొని నిలుచుండేవారు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. అటువంటి సంచులు మూడు ఒక్క పెట్టెలో కట్టి, ఒక్క మనిషి చేతికి ఇచ్చినారనుకోండి. అతనికి అది ఆ రోజుకు ఒక్క ఇంటి పని మాత్రమే. అతడు తెచ్చే పెట్టెలన్నీ ముప్పది కిలోలు ఉండకపోవచ్చును. కాని బండి ఎక్కడము, దిగడము, వంగడము, ఎత్తడము, స్కానరుతో గీతల గుర్తును చదివించడము, బెల్లు కొట్టడము, ఎదురుచూడడము, మళ్ళీ నడవడము, ఇది ప్రతి పెట్టెకూ ఉన్నదే. ఉత్తరాలు నాలుగైనా ఒక్క నడకలో ఒక్క పెట్టెలో పడిపోతవి. పార్సెళ్ళు నాలుగైతే నాలుగు మోతలు.

పని స్వభావము మారినదని నేను చెబుతున్నది ఊహ కాదు. 2006లో ఈ దేశపు తపాలా ఏడాదికి అయిదున్నర వందల కోట్ల ఉత్తరాలు బట్వాడా చేసినది. 2023 నాటికి అది రెండు వందల ఇరవై కోట్లకు దిగినది. ఒక ఇంటికి వారానికి ఏడు ఉత్తరాలు వచ్చేచోట ఆ నాటికి రెండే వస్తూ ఉండినవి. అదే కాలములో కొత్త చిరునామాలు ముప్పది లక్షలకు పైగా చేరినవి. అనగా నడక పెరిగినది, ఉత్తరము తగ్గినది, మోత హెచ్చినది. ఉత్తరాల కాలములో కొలిచి కట్టిన బట్వాడా దారులమీద పార్సెళ్ళ కాలపు పని వచ్చి కూర్చున్నది. 2018 అక్టోబరులో తపాలా కార్మికుల సంఘమువారు విడతలు విడతలుగా సమ్మె చేసినప్పుడు, వారు ముందుకు తెచ్చిన కోరిక జీతము ఒక్కటే కాదు. మోయలేనంత పని, తప్పనిసరి అదనపు గంటలు, పని చేస్తూ తగిలే గాయాలు, ఇవి ముఖ్యముగా ఉన్నవి. గ్రామాలలోను నగరాల శివార్లలోను బట్వాడా చేసేవారికి, వీరిలో స్త్రీలే ఎక్కువమంది, నగరపు ఉద్యోగులతో సమానమైన జీతము దక్కడానికి అదే ఏడాది మధ్యవర్తి తీర్పు వరకు ఆగవలసి వచ్చినది.

ఆ తరువాత 2024 నవంబరు 15 నుండి డిసెంబరు 17 వరకు జరిగిన పెద్ద సమ్మె మీకందరికీ గుర్తే. సుమారు యాభై అయిదు వేలమంది పని ఆపినారు. మన ఇళ్ళలో పాసుపోర్టులు, పర్మనెంటు రెసిడెంటు కార్డులు దారిలో చిక్కుకొన్నవి. మనము విసుగుకొన్నాము, అది సహజము. 2025 మే నెలలో విలియం కాప్లాన్ అనే విచారణాధికారి ఇచ్చిన నివేదిక, తపాలా సంస్థ వాస్తవానికి దివాలా స్థితిలో ఉన్నదని తేల్చినది. ఆ ఏడాది సెప్టెంబరు 25న ప్రభుత్వము, ఇంకా గుమ్మము దగ్గరకే తపాలా వస్తున్న నలభై లక్షల చిరునామాలను, వీధిలో అందరికీ కలిపి ఒకచోట పెట్టే సామూహిక పెట్టెలకు మార్చవచ్చునని ప్రకటించినది. ఆ రోజుననే కార్మికులు మళ్ళీ సమ్మెకు దిగినారు. సంస్థకు నష్టము నిజము. ఉద్యోగికి భారము నిజము. ఈ రెంటిలో ఏది ఎంతవరకు సబబో తేల్చడానికి ఒక పూట ప్రసంగము చాలదు. నా మనవి అంతకంటె దగ్గరి సంగతి. ఆ వాదములో ఎవరు నెగ్గినా, రేపటి రోజున పెట్టె పట్టుకొని మన మెట్లు ఎక్కవలసిన మనిషి ఉంటాడు. అతడు తపాలావాడైనా, పెట్టెకు ఇంత అని కూలి పుచ్చుకొనే ప్రైవేటు కొరియరు కుర్రవాడైనా, అతని కాలు పడేది మన వాకిటిమీదనే. ఆ కుర్రవాళ్ళలో నిన్న మొన్న హైదరాబాదునుండో విజయవాడనుండో చదువుకు వచ్చిన మన పిల్లలు కూడ ఉన్నారు.

ఇక ఆ తీర్పు సంగతి.

ఒంటారియోలోని బర్లింగ్టన్ తపాలా డిపోలో, ఉద్యోగుల భద్రతా సమితి సభ్యుడొకరు 2012లో ఒక ఫిర్యాదు చేసినాడు. పనిచేసే స్థలమును ఏడాదికి ఒకసారైనా పూర్తిగా తనిఖీ చేయవలెనని కెనడా కార్మిక చట్టము చెబుతున్నది. తనిఖీ డిపో కట్టడానికి మాత్రమే జరుగుతున్నది. కాని తపాలా ఉద్యోగి రోజులో ఎక్కువ భాగము గడిపేది డిపోలో కాదు. వీధులలో, మెట్లమీద, గుమ్మాలముందర. వాటిని కూడ తనిఖీ చేయవద్దా అని అతని ప్రశ్న. చూడండి, ఎంత సమంజసమైన ప్రశ్నో! అది ఒక అధికారినుండి ఇంకొక అధికారికి, ఒక కోర్టునుండి ఇంకొక కోర్టుకు ప్రయాణము చేసి, చివరకు సుప్రీం కోర్టుకు చేరినది. 2019 డిసెంబరు 20న తీర్పు వచ్చినది. దేశమంతట తపాలా దారులు కలిపితే ఏడు కోట్ల ఇరవై లక్షల కిలోమీటర్లు. బట్వాడా చేసే స్థలాలు ఎనభై ఏడు లక్షలు. ఆ వీధులు, ఆ ఇళ్ళు యజమానియైన సంస్థ స్వాధీనములో లేవు. స్వాధీనములో లేని స్థలమును తనిఖీ చేసి బాగుచేయించే బాధ్యత ఆ సంస్థమీద పెట్టడము కుదరదు. ఇదీ ఏడుగురు న్యాయమూర్తుల అభిప్రాయము. ఇద్దరు న్యాయమూర్తులు దీనితో ఏకీభవింపలేదు. ఉద్యోగికి శిక్షణ ఇవ్వడము వంటి సంస్థ బాధ్యతలు, అపాయకరమైన పనిని నిరాకరించే ఉద్యోగి హక్కు, ఇవి అట్లాగే ఉన్నవి. కాని ఏడాదికొకసారి ఎవరో అధికారి వచ్చి మీ మెట్టు విరిగినదని, మీ కమ్మీ ఊగుతున్నదని వ్రాసుకొని పోయే ఏర్పాటు మాత్రము లేదు.

మఱి ఆ మెట్టును చూడవలసినది ఎవరు? ఇంక మిగిలినది మనమే. నేను ఈ తీర్పును చదివి కోర్టును తప్పుపట్టలేదు. తప్పుపట్టినందువలన మంచు కరగదు. సంస్థ స్వాధీనములో లేదని కోర్టు తేల్చిన స్థలము, ఇంటివారు చూసుకోవలసిన స్థలమని మాత్రము అర్థము చేసుకొన్నాను. మన వాకిలి, కొన్ని నిమిషాలసేపు, ఒకరి ఉద్యోగస్థలము. ఈ ఒక్క మాట మనస్సులో ఉంచుకొంటే తక్కినవన్నీ వాటంతట అవే తోస్తవి.

మొదట మంచు. రాత్రి మంచు పడినప్పుడు మనము ఏమి చేస్తాము? కారు బయటికి పోవడానికి కావలసినంత మేర డ్రైవ్‌వే తీస్తాము. గరాజులోనుండి కారెక్కి గరాజులోనే దిగేవారికి ముందరి మెట్లతో పని ఉండదు. వారానికి ఒకసారైనా ముందు తలుపు తీయని ఇళ్ళు ఉన్నవి. ఆ మెట్లమీద మంచు కురిసి, పగలు కొంచెము కరిగి, రాత్రి మళ్ళీ బిగిసి అద్దమువలె తయారవుతుంది. పైన కొత్త మంచు పలుచగా కప్పితే ఆ అద్దము కనుపించదు కూడ. ఆ మెట్లు వాడేది పార్సెలు తెచ్చే మనిషి ఒక్కడే. కనుక డ్రైవ్‌వే తీసినవారు, అదే పార చేతిలో ఉన్నప్పుడే, మెట్లవరకు ఒక బాట తీసి, నాలుగు గుప్పెళ్ళ ఉప్పు చల్లి లోపలికి రావలెను. మెట్లమీదకు నీరు కారే చూరుగొట్టము ఉంటే దాని మూతిని ప్రక్కకు త్రిప్పవలెను. మన అమ్మలు తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టేవారు. ఇక్కడ నాలుగు నెలలు ముగ్గుకు తావు లేదు, ఉప్పుకు ఉన్నది.

తరువాత దీపము, ఇంటి సంఖ్య. కొత్త పేటలలో ఇళ్ళన్నీ ఒక్క అచ్చున పోసినట్లుంటవి. సంఖ్య పలకలు గోడ రంగులోనే ఉంటవి. పండుగకు కట్టిన తోరణమో, క్రిస్మసుకు వ్రేలాడదీసిన ఆకుల చక్రమో ఆ సంఖ్యను కప్పివేస్తుంది. చీకటిలో సంఖ్య వెదుకుతూ బండి మెల్లగా నడిపే మనిషి, వెనుక కారువాడి హారను విని కంగారుపడతాడు. పార్సెలు వస్తుందని మీ ఫోనుకు కబురు వచ్చిన రోజున సాయంకాలము వరండా దీపము వేసి ఉంచండి. పెద్ద ఖర్చు కాదు.

కుక్కల విషయము క్లుప్తముగా చెబుతాను. మన కుక్క కరవదని మనకు తెలుసును, వచ్చినవానికి తెలియదు. బెల్లు మోగినప్పుడు దానిని వేరే గదిలో పెట్టి తలుపు వేసి, ఆ తరువాత ముందు తలుపు తీయవలెను. కుక్క అపాయకరమని తోస్తే ఆ ఇంటికి బట్వాడా ఆపివేసే అధికారము తపాలావారికి ఉన్నది.

ఇక బేస్‌మెంట్ల సంగతి. దీనిమీద కొంచెము ఆగవలసి ఉన్నది, ఎందుకంటే ఇది మనవారి ఇళ్ళలో మరీ ఎక్కువ. క్రింది భాగము అద్దెకు ఇచ్చిన ఇల్లు ఒకటి తీసుకోండి. పై వాటాలో యజమాని కుటుంబము. క్రింద ఇద్దరు విద్యార్థులు, లేదా కొత్తగా వచ్చిన దంపతులు. క్రింది వాటాకు దారి ఇంటి ప్రక్కసందులోనుండి, చెత్తడబ్బాల నడుమగా, నాలుగు మెట్లు దిగి. పార్సెలుమీద ఇంటి సంఖ్య మాత్రమే ఉన్నది. వాటా సంగతి వ్రాయలేదు. తపాలా ఉద్యోగి ముందు తలుపు కొడతాడు. పై వాటావారు ఉద్యోగాలకు పోయి ఉంటారు, లేదా పేరు చూసి ఇది మాది కాదంటారు. మన పేర్లు మఱొక చిక్కు. పాసుపోర్టులో ఇంటిపేరు ముందు, అద్దె కాగితములో ఇంటిపేరు వెనుక, ఆన్‌లైను దుకాణములో ముద్దుపేరు. సంతకము కావలసిన పార్సెలైతే ఆ ఉద్యోగి చేతికి ఇవ్వలేడు, వదలి పోనూలేడు. చీటీ వ్రాసి తగిలించి, పెట్టెను మళ్ళీ బండిలోకి మోసుకొని పోతాడు. ఒక్క మోత కావలసినది రెండు మోతలైనది. అతని గడియారము ఆగదు. వెనుక ఇంకా బట్వాడా చేయవలసిన వీధులు ఉన్నవి.

దీనికి ఉపాయము తేలిక. బేస్‌మెంటులో ఉండేవారు చిరునామాలో ఆ మాట వ్రాయించవలెను. ప్రక్క తలుపుకు పోయే దారి బాణపు గుర్తుతో గోడమీద చూపించవలెను. ఆ సందులో కూడ మంచు తీయవలెను, దీపము పెట్టవలెను. ఆ పని యజమానిదో అద్దెకున్నవారిదో ముందే మాట్లాడుకోవలెను. ఎవరి పేరుమీద గుర్తింపు కార్డు ఉన్నదో ఆ పేరునే పార్సెలుమీద వ్రాయించుకోవలెను. ఇక్కడి యజమానులలో మన తెలుగువారూ ఉన్నారు. అద్దె పుచ్చుకొన్నవారికి ఒక దీపము పెట్టించడము భారము కాదు.

సామూహిక పెట్టెలు ఉన్న పేటలలో ఇంకొక సంగతి. చిన్న పార్సెలు వస్తే దానిని ఆ పెట్టెలలోని పెద్ద అరలో పెట్టి, ఆ అర తాళపుచెవిని మీ ఉత్తరాల అరలో వేస్తారు. ఆ పెద్ద అరలు కొన్నే ఉంటవి. మనము వారానికి ఒకసారి తపాలా తీసే అలవాటు పెట్టుకొంటే, మన పెట్టె ఆ అరను వారమంతా ఆక్రమించి ఉంటుంది. మరునాడు పొరుగువారికి వచ్చిన పార్సెలుకు అర ఉండదు. దానిని ఉద్యోగి వారి గుమ్మము దగ్గరకు మోయవలసినదే, లేక వెనుకకు తీసుకొనిపోవలసినదే. కనుక వచ్చిన రోజుననే తీసుకోండి. సాయంకాలము నడకకు పోయేవారు ఆ దారినే పోతే సరిపోతుంది.

ఈ ఉద్యోగులను గురించి మాట్లాడుతున్నప్పుడు ఒక మనిషిని తలచుకోవలెను. అతని పేరు ఆల్బర్ట్ జాక్సన్. అమెరికాలో బానిసత్వములో పుట్టి, తల్లితో కూడ పారిపోయి పసితనములో ఈ దేశానికి వచ్చినవాడు. 1882లో టొరంటోలో తపాలా బట్వాడా ఉద్యోగము దొరికినది. నల్లవాడని తోటివారు అతనికి పని నేర్పడానికి నిరాకరించినారు. లోపల ఊడిగపు పనికి త్రోసినారు. అతని జాతివారు గట్టిగా నిలిచి అడిగినారు. అప్పటి ప్రధాని సర్ జాన్ ఎ. మాక్డొనాల్డ్ కలుగజేసుకొన్న తరువాత అతడు సంచి భుజాన వేసుకొని వీధులలోకి వచ్చినాడు; 1918లో మరణించేవరకు ఆ ఉద్యోగము చేసినాడు. స్కార్‌బరోలో 2023లో ప్రారంభమైన పార్సెళ్ళ కేంద్రానికి ఇప్పుడు అతని పేరే పెట్టినారు. ఆ కేంద్రములోని యంత్రాలు రోజుకు పది లక్షలకు పైగా పార్సెళ్ళను వేరుచేయగలవు. వేరుచేయడము యంత్రము చేస్తుంది. తరువాతది మనిషి చేస్తాడు. అంత వేగముగా వేరైన సరుకంతా ఆ మనిషి భుజాలమీదికే వస్తుందని మనము మరువరాదు.

చివరగా, పగలంతా ఇంట్లో ఉండే పెద్దలను గురించి. మన ఇళ్ళకు తల్లిదండ్రులు గుంటూరునుండి, కరీంనగరునుండి, రాజమండ్రినుండి వచ్చి నెలల తరబడి ఉంటారు. కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు ఉద్యోగాలకు పోతారు. బెల్లు మోగితే తలుపు తీసేది వీరే, లేదా భయపడి తీయనిది వీరే. ఎవరో తెలియదు, భాష రాదు, తలుపు తీయవద్దని పిల్లలు చెప్పిపోయినారు. బయట ముప్పది కిలోల పెట్టెతో ఒకరు చలిలో నిలుచుండి ఉంటారు. ఈ పరిస్థితికి మాటలకంటె చూపించడము మేలు. ఒక ఆదివారము పూట అమ్మను, నాన్నను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, తపాలావారి బండి ఎట్లా ఉంటుందో, ఆ దుస్తులు ఏ రంగో, చీటీ తగిలిస్తే దానిమీద ఏమి వ్రాసి ఉంటుందో చూపండి. సంతకము చేయవలసి వస్తే స్కానరు తెరమీద వ్రేలితో గీస్తే చాలునని చెప్పండి. సంతకము తెలుగులో చేసినా ఇబ్బంది లేదు. సంతకము అక్కరలేని పెట్టెను తలుపు ప్రక్కన పెట్టమని అద్దములోనుండి చేయి చూపవచ్చును, తలుపు తీయనక్కరలేదు. ఒక వేసవిలో తలుపు తీసిన మా పొరుగింటి పెద్దావిడ, పార్సెలు తెచ్చి చెమటలు కారుతున్న అమ్మాయిని చూచి, మాట రాకపోయినా గ్లాసుతో చల్లని మజ్జిగ తెచ్చి ఇచ్చినది. ఆమె పిల్లలు నాతో కొంచెము సిగ్గుపడుతూ చెప్పినారు. సిగ్గుపడవలసిన పని కాదు.

చీటీ తగిలించి పోయినట్లయితే, ఆ చీటీమీద ఏ తపాలా కార్యాలయానికి పోవలెనో ఉంటుంది. చాలచోట్ల అది మందుల దుకాణము లోపలనే ఉంటుంది. పదిహేను రోజులు అట్టే ఉంచి, ఆ తరువాత పంపినవారికే తిప్పి పంపుతారు. చీటీని, ప్రభుత్వమువారు ఇచ్చిన గుర్తింపు కార్డును తీసుకొనిపొండి. ఊరగాయ జాడీ గుంటూరునుండి ఇంత దూరము వచ్చి, పదహారవ రోజున మళ్ళీ గుంటూరుకు ప్రయాణము కట్టడము ఎవరికీ ఇష్టముండదు.